కోసేసిన పదకొండు సెకన్లు

వారం 211, సోమవారం

ఉదయం ఎండ పలకల మీద ఉప్పు తుడిచాను. కేబుల్ పెట్టెలోకి మళ్ళీ పీతలు దూరాయి. నాలుగింటిని పట్టి నీళ్ళలోకి వదిలాను. ఐదోది నా వేలు కొరికి దానంతటదే దిగిపోయింది. పాత బ్యారేజీ మధ్య స్తంభం మీద ఈ గది కట్టించిన పెద్దమనుషులకు పీతల సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఈ నమోదు పుస్తకాన్ని ఉభయ సంఘం వారం వారం చదవాలని నిబంధన. చదవరు. పైకప్పు కారుతోందని తొంభై ఆరో వారంలో రాశాను, ఇప్పటికీ అదే బక్కెట్టు అదే మూలన ఉంది. కాబట్టి నాకు తోచినట్టు రాసుకుంటాను.

శాంతి ఒప్పందం ప్రకారం ప్రతి ఆదివారం రెండు ఒడ్లకూ వెళ్ళే జంట వీడియో నిన్న బాగానే వెళ్ళింది. గట్టు మీది మెరక వాళ్ళు గుమ్మడికాయ తరగడం మొదలుపెట్టి సగంలో ఆపారు. ఆ కాయ పడవలో లంకలకు వెళ్ళింది. లంకల వాళ్ళు మిగతాది తరిగి దప్పళం కాచారు. వీళ్ళది ముప్పై సెకన్లు, వాళ్ళది ముప్పై సెకన్లు, మధ్యలో అతుకు నాది. పూర్తయిన వస్తువును తిరుగు పడవలో మొదలుపెట్టిన వాళ్ళకు పంపడం ఆనవాయితీ. ఈసారి ఖాళీ గిన్నె వచ్చింది. మెరక నుంచి ఫిర్యాదు కూడా వచ్చింది, నమోదు చేశాను. తొమ్మిదేళ్ళు కొట్టుకు చచ్చిన వాళ్ళు దప్పళం గురించి ఫిర్యాదు చేస్తుంటే నాకు వినడానికి హాయిగానే ఉంటుంది.

వారం 211, గురువారం

మెరక సగం వచ్చింది. ఈ వారం వంతు సువర్చల గారిది. గేట్లపేటలో యూనిఫారాలు కుట్టే షెడ్డులో పని చేస్తుంది. ఆమెను నేను ఎన్నడూ చూడలేదు. చేతులు మాత్రం బాగా తెలుసు, జంట వీడియోలో ఇది ఆమెకు పద్నాలుగోసారి. ముఖాలు చూపకూడదు, మాటలు వినిపించకూడదు, చేతులు మాత్రమే కనిపించాలి. యుద్ధంలో వీడియోల్లోని ముఖాలు పట్టుకుని మనుషుల్ని వెతికి చంపే యంత్రాలు తిరిగాయి. అవి పోయి నాలుగేళ్ళయినా, ముఖం తెర మీదికి వస్తే రెండు వైపులా ఇప్పటికీ హడలిపోతారు.

ఆమె పంపింది నీలం గళ్ళ చొక్కా. మగవాళ్ళది, చిన్న సైజు. గుండీలు ఇంకా లేవు. కాజాలు మూడు కుట్టి ఉన్నాయి, నాలుగోది కుట్టడం మొదలుపెట్టింది. ముప్పైయవ సెకనుకు సూది బట్టలోకి దిగింది, అక్కడ ఆపింది. నిడివి కచ్చితంగా సరిపోయింది. ఇలాంటి వాళ్ళు వారానికొకరు ఉంటే నా ఉద్యోగం అవసరమే ఉండదు.

మధ్యాహ్నం పడవలో చొక్కా, సూదీ, దారం, ఏడు గుండీల పొట్లం లంకలకు వెళ్ళాయి.

వారం 211, శనివారం

లంకల సగం వచ్చింది. పంపినవాడు ఏసుపాదం, రెండో లంకలో వలలు బాగుచేసే మనిషి, అరవై దాటి ఉంటాయి. నిడివి నలభై ఒక్క సెకన్లు. లంకల వాళ్ళకు గడియారం అంటే లెక్కే లేదు.

మొదటి పదకొండు సెకన్లలో ముక్కలు ముక్కలుగా తీసిన పనులు ఉన్నాయి. మిగిలిన కాజాలు కుట్టడం, గుండీలు కుట్టడం, వాటిని కాజాల్లోకి దోపడం. తరవాత చొక్కాను రెండు చేతులతో పైకి ఎత్తాడు. అది తెర దాటి పైకి వెళ్ళిపోయింది. రెండు సెకన్లపాటు ఖాళీ చెక్కబల్ల తప్ప ఏమీ లేదు. పని తెలిసినవాడు అలా తీయడు. చొక్కా మళ్ళీ కిందికి దిగాక మిగిలిన ముప్పై సెకన్లూ ఒకే షాటు. చేతులు నీటి మీదికి వంగుతాయి, చొక్కాను పరుస్తాయి, వదిలేస్తాయి. చేతులు చాచుకుని చొక్కా అలా తేలుతూ దూరం జరిగిపోతుంది. సాయంత్రం వెలుగు, పల్చటి అలలు.

ఎక్కడ కోయాలో ఆలోచించాల్సిన పని లేకపోయింది. ఆమె సూది కిందికి దిగుతున్న చోట, అతని చేతులు నీటి మీదికి దిగడం కలిపాను. కదలికలో కదలిక కలిసిపోయింది. అతుకు ఎక్కడుందో నాకే కనిపించలేదు. నాలుగేళ్ళలో ఇంత చక్కటిది పడలేదు. టీ పెట్టుకుని మూడుసార్లు చూసుకున్నాను.

వాడని మొదటి పదకొండు సెకన్లను నిబంధన ప్రకారం గంటలోపు చెరిపేశాను. పొరపాటున ముఖమేదైనా ఉండి బయటికి పోకుండా ఈ ఏర్పాటు. చెరిపింది తిరిగి రాదు.

వారం 212, సోమవారం

నిన్న సాయంత్రం ఐదింటికి వీడియో వెళ్ళింది. ఐదుంపావుకు మెరక లైను మోగడం మొదలై ఇవాళ మధ్యాహ్నం దాకా ఆగలేదు.

చొక్కా సువర్చల గారి కొడుకుది. పేరు మురారి. పదిహేడేళ్ళకు గేట్ల కాపలాకు వెళ్ళాడు. యుద్ధం చివరి ఏడు ఇక్కడే, ఈ బ్యారేజీ మీదే, లంకల వాళ్ళ దాడిలో నీళ్ళలో పడ్డాడు. మనిషి దొరకలేదు. పండక్కి ఇంటికి వస్తే తొడుగుదామని ఆమె కుడుతున్న చొక్కా అది. ఐదేళ్ళు పెట్టెలో ఉండి, మొన్న పడవెక్కింది.

మెరకలో కాలువలో వేయడమంటే వద్దని పారేయడం. పాడైన కుండ, చచ్చిన కోడి అలా వేస్తారు. ఆ తల్లి సగం కుట్టి పంపిన చొక్కాను లంకల మనిషి పూర్తి చేయకుండా, గుండీ కూడా కుట్టకుండా నీళ్ళలోకి విసిరేశాడని మెరక అంతా చూసింది. నేను అలాగే చూపించాను మరి.

లంకల పద్ధతి వేరు. తేలే పలకల మీద కట్టుకున్న ఊళ్ళు అవి. పూడ్చడానికి మట్టి లేదు, కాల్చడానికి కట్టె లేదు. పోయినవాళ్ళను నీటికే అప్పగిస్తారు. మనిషి దొరక్కపోతే అతని చొక్కాకు గుండీలు పెట్టి, కళ్ళకద్దుకుని, సాగనంపుతారు. అంతకు మించిన మర్యాద వాళ్ళకు లేదు.

నాకు ఈ రెండూ తెలుసు. నేను ఏ ఒడ్డుదాన్నీ కాను, కొండల నుంచి వచ్చినదాన్ని, రెండు వైపుల సంగతులూ తెలుసుకోవడమే నా ఉద్యోగం. శనివారం నాడు గుర్తు రాలేదు. చొక్కాను కళ్ళకద్దుకోవడానికే, ముఖం పడకూడదని తెర దాటించాడని ఇప్పుడు తెలుస్తోంది.

నిడివి ముప్పై ఉండాలన్నది నిబంధన. నేను నిబంధన పాటించాను. ఇవాళ ఈ వాక్యం రెండుసార్లు రాసి ఒకసారి కొట్టేశాను.

వారం 212, ఆదివారం

మెరక సగం రాలేదు. జాబితాలో మరో నలభై మంది ఉన్నారు. ఒక్కొక్కరికీ ఫోను చేశాను. అందరిదీ ఒకే మాట, సువర్చల చేతులు కదిలితేనే మా చేతులు కదులుతాయని.

సాయంత్రం ఐదింటికి రెండు వైపులా తెరలు నల్లగా ఉండిపోయాయి. నాలుగేళ్ళలో ఇదే మొదలు. ఒప్పందం ప్రకారం వరసగా మూడు ఆదివారాలు జంట వీడియో రాకపోతే శాంతి రద్దు. మెరక మంచినీళ్ళ గేట్లు దించేస్తుంది, లంకలు అలల కరెంటు ఆపేస్తాయి. ఆ తరవాత జరిగేది అందరికీ తెలుసు, మళ్ళీ రాయక్కర్లేదు.

వారం 213, బుధవారం

ఏసుపాదం వచ్చాడు. పడవను స్తంభానికి కట్టి నిచ్చెనెక్కి పైకి వచ్చాడు. అలా రావడానికి అనుమతి లేదు. కూర్చోమన్నాను. కూర్చోలేదు. టీ ఇస్తే మాత్రం తీసుకున్నాడు. ముఖం ఎలా ఉంటుందో మొదటిసారి చూశాను. చేతులు చూస్తే పెద్దమనిషి అనుకున్నాను కానీ, మనిషి అంతకంటే ముసలివాడు.

"నేనంపింది మొత్తం రాలేదాండి?" అన్నాడు.

"వచ్చింది."

"మరి గుండీలెట్టింది లేదేంటండి అందులో?"

నిడివి ఎక్కువైందని చెప్పాను. తల ఊపాడు. ఆ తలూపడం నాకు నచ్చలేదు, కోప్పడి ఉంటే బాగుండేది.

"అది చనిపోయిన కుర్రాడి చొక్కా అని మీకెలా తెలుసు?" అని అడిగాను.

"మడత చూసేనండి. మడత దగ్గిర రంగు ఎలిసిపోయి ఉంది. సూది తుప్పట్టి ఉంది. తొడుక్కునేవోడు ఉంటే తల్లి అన్నేళ్ళు వదిలేత్తదాండి? అలాంటిది నీళ్ళు దాటించి నాకు పంపిందంటే, బాబూ నేను సాగనంపలేకపోతన్నాను, నువ్వు పంపు అన్నట్టే కదండీ. ఆవిడకి తిరిగి కావాలని నాకు తోచనే లేదు."

మెరకలో ఎవరైనా తిరిగి ఇస్తాడనే అనుకుంటారు. లంకల్లో ఎవరైనా సాగనంపమనే అనుకుంటారు. ఆ పొరపాటు అతనిది, ఒప్పుకుంటున్నాడు. విసిరేశాడన్న నింద మాత్రం నా కోత వల్ల పడింది.

"కోసేశారని మీ వాళ్ళకు చెప్పారా?" అన్నాను.

"సెప్పలేదండి."

"ఎందుకని?"

అతను టీ గ్లాసు కింద పెట్టాడు. "అతుకులమ్మగారు కోసేత్తన్నారంటే ఇంక ఈ వీడియోని నమ్మేదెవరండి? అటూ నమ్మరు, ఇటూ నమ్మరు. నేనొక్కణ్ణి చెడ్డోణ్ణయితే పోన్లెండి. ఆ నమ్మకం పోతే కష్టమండి."

సొంత లంకలోనే అతని పడవ మీద పేడనీళ్ళు పోశారట. మెరకతో గొడవ తెచ్చిపెట్టాడని.

వేరే చొక్కాతో ఆ పదకొండు సెకన్లు మళ్ళీ తీసి ఇవ్వమన్నాను. మంచి ఉపాయమే అనుకున్నాను. అతను నా వైపు చూసిన చూపులో మొదటిసారి కోపం కనిపించింది.

"ఎవరి చొక్కాకండి? బతికున్నోడి చొక్కాకి అలా చేత్తే వోడికి కీడు. పోయినోడి చొక్కా అంటారా, వోళ్ళ అమ్మ ఇవ్వాలి."

నిచ్చెన దిగి వెళ్ళిపోయాడు. నాకు సిగ్గేసింది. నాలుగేళ్ళుగా నా తప్పులు పీతల మీదా పైకప్పు మీదా వేస్తున్నాను. ఈ తప్పు వేయడానికి ఎవరూ దొరకలేదు, దొరికినవాడు తనంతట తానే మోస్తున్నాడు.

వారం 213, ఆదివారం

రెండో ఆదివారం కూడా నల్ల తెరే.

ఉదయం మెరక వాళ్ళు గేట్ల గొలుసులకు గ్రీజు రాశారు. తనిఖీ అన్నారు. మధ్యాహ్నం లంకల నుంచి కరెంటు పది నిమిషాలు పోయింది. తనిఖీ అన్నారు. నేను రెండు డ్రమ్ములు వాన నీళ్ళు పట్టి మూతలు బిగించాను. నాది తనిఖీ కాదు, భయం.

జరిగింది మొత్తం రాసి ఉభయ సంఘానికి పంపాను. ఈ మాట ఈ పుస్తకంలో కూడా రాస్తున్నాను. వారం 211లో లంకల సగం నుంచి పదకొండు సెకన్లు కోసింది నేను. కోయమని నిబంధన అనలేదు. నిడివి మించితే తిప్పి పంపి మళ్ళీ తీయమని అడగాలంటుంది. అతుకు అందంగా పడిందని నేను అడగలేదు. చొక్కా ఎవరిదో, ఎందుకు పైకి ఎత్తాడో ఆలోచించకుండా కదలిక ఒక్కటే చూశాను.

వారం 214, గురువారం

సంఘం నుంచి జవాబు వచ్చింది. విచారణ జరుపుతారట, పూర్తయ్యేదాకా నేను ఎవరితోనూ ఈ విషయం మాట్లాడకూడదట. విచారణ వచ్చే నెల రెండో వారంలో. గేట్లు దిగేది ఈ ఆదివారం.

నాలుగేళ్ళలో నేను రాసింది వాళ్ళు చదవడం ఇదే మొదటిసారి. చదివినందుకు కృతజ్ఞతలు తెలిపి, పడవ తీశాను.

వారం 214, శుక్రవారం

గేట్లపేట షెడ్డులో నలభై మిషన్లు ఒకేసారి నడుస్తాయి. సువర్చల గారు ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది. చేతులు చూసి గుర్తుపట్టాను, కిటికీ పక్కన మూడో మిషను.

నేనెవరో చెప్పాను. ఆమె మిషను ఆపకుండానే, "నువ్వా అతుకులమ్మవి. మనిషివి ఉన్నావన్నమాట," అంది.

చెప్పాల్సింది నిలబడే చెప్పాను. నేను కోశానని, ఏం కోశానో, ఎందుకు కోశానో చెప్పాను. అతను కాజాలన్నీ కుట్టాడని, గుండీలు కుట్టి పెట్టాడని, కళ్ళకద్దుకున్నాడని, అక్కడి వాళ్ళకు అది సాగనంపడమని చెప్పాను. మధ్యలో మిషను ఆగిపోయింది. చుట్టుపక్కల మిషన్లు కూడా ఒక్కొక్కటీ ఆగాయి.

"చూపించు," అంది.

"లేదండి. చెరిపేశాను. నేనొక్కదాన్నే చూశాను."

"అయితే నీ మాట నమ్మాలా నేను?"

"అవునండి."

ఆమె సూది కింది బట్ట తీసి పక్కన పెట్టింది. తరవాత నన్ను పక్క స్టూలు మీద కూర్చోమంది. మొదటి సెకను నుంచి చెప్పమంది. చెప్పాను. మళ్ళీ చెప్పమంది. నాలుగుసార్లు చెప్పించింది. దారం తెంపినప్పుడు పళ్ళతో తెంపాడా, కత్తెరతోనా అని అడిగింది. కత్తెరతో అన్నాను. చొక్కాను పైకి ఎత్తినప్పుడు భుజాల దగ్గర పట్టుకున్నాడా, నడుము దగ్గరా అంది. భుజాల దగ్గర. ఒక మనిషిని పట్టుకున్నట్టు పట్టుకున్నాడని నేను చెప్పలేదు, ఆమే అంది.

"రోజుకి నలభై చొక్కాలు కుడతాను నేను," అంది. "ఆ నాలుగు కాజాలు ఐదేళ్ళు కుట్టలేకపోయాను. కుడితే పని అయిపోద్ది కదా. అయిపోతే ఇంక వాడికి చెయ్యాల్సింది ఏం మిగల్దు. అందుకని ఎవరో తెలీని వాళ్ళ చేత కుట్టిస్తే తిరిగొచ్చాక పెట్టెలో పెట్టుకుందామనుకున్నా."

"అతను పొరపాటు పడ్డాడండి."

"వాడి పొరపాటు సంగతి వాడితో చూసుకుంటా. గుండీలు పెట్టాడన్నావు. పైది పెట్టాడా?"

నాకు అర్థం కాలేదు.

"మెడ దగ్గర గుండీ. అది కూడా పెట్టాడా?"

గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. దారం గుర్తుంది, కత్తెర గుర్తుంది, ఎడమ చేతి బొటనవేలి మీద పాత గాటు గుర్తుంది. మెడ గుర్తు లేదు. నా కళ్ళు అప్పటికే నీటి షాటు మీద ఉన్నాయి.

"తెలీదండి. చూడలేదు."

"నీ పని చూడటమే కదా," అంది. అందులో వెటకారం లేదు. మామూలుగా అంది, అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

"మావాడికి పైది పెడితే ఊపిరాడేది కాదు. బడికి పెట్టి పంపితే వీధి మలుపులో తీసేసేవాడు. ఆ నీళ్ళలో ఎలా పోయాడో నాకు తెలీదు. ఊపిరాడక పోయాడని మాత్రం తెలుసు." మిషను దారం సరిచేసుకుని, "వెళ్ళి వాణ్ణి అడుగు. నేను ఇప్పుడన్నది వాడికి చెప్పకు. ఎన్ని గుండీలు పెట్టాడో అడుగు, అంతే. వేరే ముక్క కలపకు," అంది.

"ఏడూ పెట్టానంటే?"

"ఏం చేస్తానో నాకే తెలీదు."

వారం 214, శనివారం

ఉదయమే రెండో లంకకు వెళ్ళాను. ఏసుపాదం పలక అంచున కూర్చుని వల బాగుచేస్తున్నాడు. చుట్టుపక్కల వాళ్ళు అతనితో మాట్లాడటం లేదు, అది కనిపిస్తూనే ఉంది.

దారంతా అడగాల్సిన మాటను మనసులో అటూ ఇటూ తిప్పుకుంటూ వచ్చాను. అబద్ధం ఆడటం ఎంత తేలికో కూడా తిప్పుకున్నాను. అతను ఏం చెప్పినా నేను ఆరు అని చెప్పవచ్చు. మధ్యలో ఉన్నది నేనొక్కదాన్నే. గేట్లు తెరిచి ఉంటాయి, కరెంటు వస్తుంది, ఎవరికీ ఎప్పటికీ తెలియదు. ఇది కూడా ఒక రకం కోతే అని తోచింది. ఏడు అంటే ఏడే చెప్పాలని నిర్ణయించుకున్నాను.

"ఆ చొక్కాకు ఎన్ని గుండీలు పెట్టారు?"

"ఏడూ కుట్టేనండి."

"కుట్టినవి కాదు. కాజాల్లో పెట్టినవి."

అతను వల ఒళ్ళో పెట్టుకున్నాడు. చేతులు గాలిలో కింద నుంచి పైకి కదిలాయి, పెదాలు లెక్కపెట్టాయి.

"ఆరండి. పైది ఎట్టలేదు."

"ఎందుకు?"

"ఎట్టబోయేనండి. మెడ ఇరుగ్గా ఉంది. ఆ కొలత చూత్తే పదహారో పదిహేడో ఉంటాయండి కుర్రాడికి. ఆ వయసులో మెడ ఊరికే పెరిగిపోద్ది కదండీ. పెరిగే పిల్లోడికి బిగించడం ఎందుకులే అని వదిలేసేను." నా ముఖం చూసి కంగారు పడ్డాడు. "తప్పయిపోయిందాండి? మొత్తం ఎట్టాలా?"

తప్పు కాదని చేత్తో చెప్పాను.

నా గదికి తిరిగి వచ్చి మెరక లైను కలిపించుకున్నాను. షెడ్డు ఫోను దగ్గరికి ఆమెను పిలిపించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అతని మాటలు అతను అన్నట్టే చెప్పాను. పెరిగే పిల్లోడికి అన్న దగ్గర అవతల నుంచి ఒక శబ్దం వచ్చింది. అది ఏమిటో రాయను. వినాల్సిన దాన్ని నేను పూర్తిగా విన్నాను, అంతవరకు రాస్తున్నాను.

ఆమె ఫోను పెట్టేయకుండా బల్ల మీద వదిలి వెళ్ళింది. చాలాసేపు మిషన్ల చప్పుడే వినిపించింది.

వారం 214, ఆదివారం

ఉదయం నుంచి మెరక మనుషులు గేట్ల చక్రాల దగ్గర నిలబడి ఉన్నారు. కనిపిస్తూనే ఉన్నారు, గాలికి మాటలు కూడా ఇటు వస్తున్నాయి. ఒకడు ఇంటి నుంచి అన్నం తెచ్చుకున్నాడు, అందరికీ పెట్టాడు.

పన్నెండు గంటల పది నిమిషాలకు మెరక సగం వచ్చింది. తెల్ల బట్ట, కొత్త చొక్కా. మెడ పట్టీని టేపుతో కొలిచి, అక్కడ ఒక వేలు అడ్డం పెట్టి, వేలికి అవతల సుద్దతో గీత గీసింది. గీత వెంట కత్తిరించింది. పట్టీని చొక్కాకు సగం దాకా కుట్టి ఆపింది. ముప్పై సెకన్లు. పన్నెండున్నరకు చొక్కా పడవెక్కింది.

నాలుగుంపావుకు లంకల సగం వచ్చింది. యాభై రెండు సెకన్లు ఉంది. నిబంధన ప్రకారం తిప్పి పంపాలి, మళ్ళీ తీయమనాలి. ఐదింటిలోపు అది అయ్యే పని కాదు. నా అలవాటు ప్రకారం ఇరవై రెండు సెకన్లు కోయాలి.

మొత్తం చూశాను. ఈసారి నిజంగా చూశాను. మెడ పట్టీ మిగతా సగం కుట్టాడు. కుట్టు మెరక పనంత నున్నగా లేదు, వలలు కుట్టే చెయ్యి అది. తరవాత చొక్కాను మడిచాడు. ముందు తప్పుగా మడిచాడు, విప్పి మళ్ళీ మడిచాడు. తిరిగి పంపే బుట్టలో పెట్టాడు. నీటికి ఇవ్వలేదు. ఆ తరవాత పద్నాలుగు సెకన్లు ఏమీ జరగదు. చేతులు బుట్ట మీద అలాగే ఉంటాయి.

కోయలేదు. ఎనభై రెండు సెకన్ల వీడియోను ఐదింటికి వదిలాను. అతుకు బాగా కుదరలేదు. ఆమె చేతులు ఆగిన చోటుకూ అతని చేతులు మొదలైన చోటుకూ పొంతన లేదు, ఒక కుదుపు కనిపిస్తుంది. వీడియోకు ముందు తెర మీద నా మాటలు వేశాను. నిబంధన ప్రకారం మాటలు ఉండకూడదు. మూడు వారాల క్రితం కోసింది నేనని, ఏం కోశానో, ఏసుపాదం ఏం చేశాడో రాశాను.

తెరల లెక్క ప్రకారం మెరకలో నూటికి తొంభై నాలుగు ఇళ్ళు చివరిదాకా చూశాయి. లంకల్లో తొంభై ఒకటి. ఐదుంపావుకు గేట్ల దగ్గరున్న వాళ్ళు చక్రాలు వదిలేసి క్యారేజీలు సర్దుకున్నారు.

ఆరింటికి సంఘం నుంచి ఉత్తర్వు వచ్చింది. మూడు నిబంధనల ఉల్లంఘన. బుధవారం కొత్త మనిషి వస్తాడు, తాళాలు అప్పగించాలి. బక్కెట్టు సంగతి అతనికి చెప్పి వెళ్తాను.

ఆరున్నరకు మెరక లైను మోగింది. సువర్చల గారు.

"చొక్కా వచ్చింది," అంది. "కుట్టు ఒంకర. ఉండనిస్తాను."

"మంచిదండి."

"వాడి మీద కోపం పోయింది. వాడికి చెప్పు."

"చెప్తానండి."

"నీ మీద పోలేదు. మావాడి చొక్కాని ఆఖరిసారి చూసే వీలు నాకుండేది, నువ్వు చెరిపేశావు. వారం వారం వీడియో చేస్తాను, గేట్లు తెరిచే ఉంటాయి. అయినా పోదు. అది కూడా నీ పుస్తకంలో రాయి. కొయ్యకుండా రాయి."

రాశాను.